తాడు లాగినా లేవని రంపం

గాలివానకు పెరట్లో చెట్టు కూలి, ఒక కొమ్మ కింద అతని కాలు ఇరుక్కుంది. కొమ్మ కిర్రుమంటూ ఇంకా దిగుతూనే ఉంది. కేకేసినా పలికేవాళ్ళు లేరు. పెళ్ళయి నెల తిరగని భార్య రంపం మిషను ముందు వంగి తాడు లాగుతోంది.

“లాగుతూనే ఉన్నానండీ! తాడు వస్తోంది గానీ ఇది దగ్గనైనా దగ్గట్లేదు.”

“పిడిని కాలితో తొక్కిపట్టావా?”

“పట్టాను. మీ కాలు...”

“నా కాలు ఎక్కడికీ పోదులే. పెట్రోలు వాసనొస్తోందా?”

“గుప్పుమంటోంది.”

“అయితే పెట్రోలు ఎక్కువైంది. చోక్ లోపలికి నొక్కేసి మళ్ళీ లాగు.”

“ఊహూఁ, లేవట్లేదు. అమ్మో, కొమ్మ కదిలింది!”

“ఇటు చూడకు. పిడి పక్కన ఎర్ర స్విచ్ ఎలా ఉంది?”

ఆమె వంగి చూసింది.

“కిందికుంది. పొద్దున ఊడుస్తూ నేనే ఆపేశానండీ. దానంతటదే లేచి మీద పడుతుందేమోనని భయమేసింది.”

“తాడు లాగకుండా అదెలా లేస్తుందే, పిచ్చిమొహమా!” అంత నొప్పిలోనూ అతనికి నవ్వొచ్చింది. “స్విచ్ పైకెత్తి తాడు లాగు.”

మిషను ఒక్కసారిగా గర్జించింది.

“లేచింది! ఏమండీ, లేచింది! ఇప్పుడేం చెయ్యను?”

“ముందు కళ్ళు తెరువు!” అతను గొంతు చించుకుని అరిచాడు. “నా కాలెక్కడుందో చూసుకుని, దానికి దూరంగా కొయ్యి!”