దేశమంతా వినబడిన తుమ్ము

దుర్గాంబ గారు ఏ కథ మొదలుపెట్టినా ముందుగా ఇద్దరు పెద్దలను తలచుకోవలసినదే. తాతగారు నరసింహావధానులు గారు. గుంటూరు యార్డుకు మిరప బండ్లు తోలుకొనిపోయే వారి కోసం వీధి మొగలో తాటాకుల పందిరి వేయించి, వేసవి ముగిసేదాకా మజ్జిగ పోయించిన మహానుభావుడు. తండ్రిగారు అనంతపద్మనాభం గారు. చదువు రాని వారి కోసం సాయంకాలం పూట ఈ అరుగు మీదనే కూర్చుండి, వార్తాపత్రికను మొదటి అక్షరం నుండి చివరి అక్షరం దాకా బిగ్గరగా చదివి వినిపించిన పుణ్యాత్ముడు. పైకి రావడానికి జంకి చివరి మెట్టు దగ్గరే నిలిచిపోయిన వారిని ఆయన పేరుపెట్టి పైకి పిలిచేవారు. అప్పటికీ రాకుంటే గొంతు పెంచేవారు. చివరి మెట్టు మీది మనిషికి వినబడనప్పుడు తాను చదివినట్లే కాదని ఆయన పట్టుదల.

ఆ అరుగు మీదనే ఇప్పుడు కోటిరత్నం కూలీల ముఠా బాసింపట్లు వేసికొని కూర్చుండి, ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తున్నది. కల్లంలో నీడ చాలక కోటిరత్నం ఏటా కాయల గోతాలను ఇక్కడికి తెచ్చుకొంటుంది. దుర్గాంబ గారు అద్దె పుచ్చుకోరు. తాము చెప్పినది వినాలి, అంతే.

"దానికంటే అద్దె ఇచ్చుకుంటేనే సుఖం అక్కా" అని ముఠాలోని ఖాదర్‌బీ ఒకనాడు గొణిగినది గాని, వినడం మాత్రం మానలేదు.

ఆనాడు దుర్గాంబ గారికి కథ మీద కంటె వీధి మీద ధ్యాస ఎక్కువగా ఉన్నది. బస్సు ఇప్పుడే ఇంటి ముందునుండి పైఊరికి పోయినది. అది తిరిగి వచ్చేటప్పుడు మనుమరాలు మహతి ఎక్కి గుంటూరు వెళ్లవలె. సాయంకాలం అక్కడ గొంతు పరీక్ష.

'కల్లం కబుర్లు' చెప్పే గొంతు నాలుగేండ్లుగా దుర్గాంబ గారిది. సత్తెనపల్లి రోడ్డులోని చిన్న రేడియో కేంద్రంలో, గోడలకు బొంతలు వేలాడదీసిన గదిలో మొదలైన ముచ్చట అది. తరువాత దేశంలోని చిన్న చిన్న కేంద్రాలన్నీ 'ధరణి' అనే నెట్‌వర్క్‌గా కూడినవి. ఒకచోట చెప్పినది అన్నిచోట్లా వినబడసాగినది. నెట్‌వర్క్ పెరిగినది, దానితో పాటు ఆమె గొంతులోని వణుకు కూడ పెద్దదై వినబడినది. మొన్న ధరణి వారు ఫోను చేసి ఎంతో మర్యాదగా చెప్పారు: "కొత్త గొంతు చూస్తున్నామండీ. మీ అమ్మాయి మహతి బాగా చదివింది. పరీక్షకు రమ్మన్నాం. ఆ సాయంత్రం కుదరకపోతే ఈ పంటకాలమంతా మీరే చెబుదురుగాని."

కుదరకపోతే. ఆ మాట రెండు రోజులుగా దుర్గాంబ గారి చెవిలో మెదలుతున్నది. అది రావడమే తప్పన్నట్లు ఆమె దానిని తోసివేస్తున్నారు. అది మళ్లీ వస్తున్నది.

"చిన్నమ్మాయి ఎక్కడికండీ, పొద్దుటినుంచి తయారవుతా ఉంది?" అని కోటిరత్నం అడిగినది.

"గుంటూరుకు. రేడియో పని. నా తరఫున" అని దుర్గాంబ గారు చప్పున మాట మార్చారు. "రేడియో అంటే జ్ఞాపకం వచ్చినది. దేశాన్ని ఒక్క నిమిషం నిలబెట్టిన మనిషిని మీరెవరైనా చూచినారా?"

"లేదండీ."

"చూడండి" అంటూ ఆమె వెన్ను నిటారుగా చేసికొన్నారు.

"మొదట ఒక సంగతి తెలిసికోవలె. పుట్టిన నాటినుండి నేటిదాకా నేను తుమ్మి ఎరుగను."

"ఒక్కసారి కూడానా?" అన్నది వెంకటేశ్వరమ్మ. ముఠాలో అందరికంటె పెద్దది ఆమె.

"ఒక్కసారి కూడ! నేను పుట్టినది మిరప కోతల రోజులలో. మా అమ్మ నా ఉయ్యాలను ఇదిగో, ఈ దూలానికే కట్టి కింద కాయలు ఆరబోయించినది. పాలతోబాటు ఘాటు తాగిన దానను. అందుచేత జరిగినదానిలో నా తప్పేమీ లేదు. ధరణి వారి ఇంజనీరు ఒకాయన నాగపూరునుండి మా కేంద్రం చూడవచ్చాడు. పాపం, మన ఊరి గాలి అలవాటు లేని మనిషి. నేను చెబుతూ ఉండగా మిరప లారీ ఒకటి కిటికీ పక్కన ఆగినది. నేను 'నేడు ప్రయాణమై బయలుదేరువారు' అన్నాను. ఆయన 'హాచ్' అన్నాడు. ఒకే ఒక తుమ్ము! రెండవది కూడ వచ్చి ఉంటే శుభమే, పేచీ లేదు. ఆ మహానుభావుడు రెండవదానిని మింగివేశాడు. ఆ తరువాత ఏమైనదో తెలుసునా?"

"తుడిచేసుంటారు" అన్నది ఖాదర్‌బీ, ముక్కుకు చుట్టుకొన్న కొంగులోనుండి.

"తుడిచేలోపల అది వెళ్లిపోయినది! ఇక్కడ మీట నొక్కితే అక్కడ వినబడుతుంది, అదీ ధరణి అంటే. తక్షణమే మన రోడ్డు మీద ఆటోలన్నీ ఒక్కసారిగా ఆగినవి. బయలుదేరబోతూ ఒంటితుమ్ము విన్నవారు ఏం చేస్తారు? దిగారు, కూర్చున్నారు, మంచినీళ్లు తాగారు, అప్పుడు కదిలారు."

"ఆ రోజు మా ఆయన ఆటో ఆగిన మాట నిజమేనమ్మా" అన్నది ఖాదర్‌బీ. "డీజిల్ అయిపోయింది."

అరుగంతా నవ్వు లేచినది. దుర్గాంబ గారు నవ్వలేదు. లోపలినుండి మహతి గొంతు వినవస్తున్నది: "నమస్కారం. కల్లం కబుర్లకు స్వాగతం." సాధన చేసికొంటున్నది. ఎక్కడా జీర లేదు, వణుకు లేదు. కొత్త పంచెను రెండు కొసలా పట్టి లాగినట్లున్నది. ఆ గొంతు అరుగు మీదికి రాకుండా ఉండడానికా అన్నట్లు ఆమె తన గొంతు పెంచారు.

"అది ఒక్క కేంద్రం నాటి మాట. ఆ ముచ్చటనే తుమ్ముతో సహా మళ్లీ మళ్లీ వేయగా, వారం తిరగకుండా పది కేంద్రాలైనవి. సింగరాయకొండ మెట్లెక్కుతున్న భక్తులు ఎక్కిన మెట్టు మీదనే కూలబడ్డారు. సముద్రం మీదికి పోవలసిన పడవలు ఒడ్డునే నిలిచినవి. ఆనాడు ఎక్కడా ఒక్క ప్రమాదం లేదు! అది చూచి తక్కిన రాష్ట్రాల వారు మాకంటే మాకని ధరణి వారి గుమ్మం ముందు నిలబడ్డారు. నెట్‌వర్క్ ఎట్లా పెరిగినదనుకొన్నారు మరి? నా కబుర్లను ఏ భాషవారు ఆ భాషలోకి మార్చుకొన్నారు. తుమ్మును మాత్రం మార్చలేదు. తుమ్ముకు అనువాదం అక్కరలేదు గదా! నలభై కేంద్రాలు, నాలుగు వందల కేంద్రాలు, అన్నిటా అదే తుమ్ము, అదే క్షణంలో. రాజస్థానంలో ఒంటెలు మోకాళ్ల మీద కూర్చున్నవి. కాశ్మీరంలో పడవవాళ్లు తెడ్లు ఎత్తి పట్టుకొన్నారు. రైళ్లన్నీ నిలబడినవి. దేశం దేశమంతా ఒకేసారి చెంబెత్తి నీళ్లు తాగేసరికి, అమరావతి దగ్గర కృష్ణ జానెడు తగ్గి, అమరేశ్వరుని రేవులో ఎన్నడూ కనబడని మెట్టు బయటపడినది!"

"నేను చూళ్లేదే" అన్నది వెంకటేశ్వరమ్మ అమాయకంగా.

"నీవు పోయేసరికి తిరిగి నిండినది."

పైఊరి వైపునుండి హారన్ వినబడినది. దుర్గాంబ గారి చేయి అరుగు అంచును పట్టుకొన్నది. బస్సు వెనుకకు తిరిగినది. ఇక కొంచెం సేపే. మాట ఆపితే ఏమి చేస్తానో అన్న భయం పట్టుకొని, ఆమె ఊపిరి తీసికోకుండా సాగించారు.

"ఆ తరువాత ఏమైనదో తెలుసునా? సముద్రపుటొడ్డున రాకెట్టు బయలుదేరుతున్నది. పది, తొమ్మిది, ఎనిమిది అని లెక్కపెడుతున్నారు. కాపలావాని రేడియోలో నా కార్యక్రమం. తుమ్ము! లెక్కపెట్టేవారు ఆగలేదు, రాకెట్టే ఆగినది! లేచినది లేచినట్లు తాటిచెట్టంత ఎత్తున నిలిచి, నీళ్లు పట్టించిన తరువాత గాని పైకి పోలేదు. అది కూడ పెద్ద సంగతి కాదు. మన కల్లాల మీదికి రాబోతున్న వానమబ్బు బాపట్ల దాటుతూ తుమ్ము విన్నది. అక్కడికక్కడే ఆగినది. ఆ ఏడు మీ మిరప తడవకుండా కాపాడినది ఎవరు?"

"ఆ ఏడు మా కాయ తడిసిందండీ" అన్నది కోటిరత్నం. "బూజు పట్టింది గదా సగం."

"తడవదా మరి? ఆగిన మబ్బు ఊరక ఉంటుందా? అది కూడ నీళ్లు తాగే బయలుదేరినది!"

ఈసారి కోటిరత్నం కూడ నవ్వు ఆపుకోలేకపోయినది. ఆ నవ్వుల నడుమ మహతి బయటికి వచ్చినది. భుజాన సంచి, ముఖాన నిద్రలేని చాయ. వంగి కాళ్లకు నమస్కరించినది.

"వెళ్లొస్తా బామ్మా. వాళ్లు నన్ను వద్దంటే తిరిగొచ్చేస్తా. నీకు కష్టంగా ఉంటే ఇప్పుడే చెప్పు."

"నాకేమి కష్టం? క్షేమంగా వెళ్లిరా" అన్నారు దుర్గాంబ గారు. మాట బాగానే వచ్చినది. చేయి మాత్రం మనుమరాలి తల మీదికి చేరేసరికి ఆలస్యమైనది.

మహతి మెట్లు దిగుతున్నది. బస్సు మలుపు తిరిగినది. చివరి మెట్టు మీదనుండి ఆమె వీధిలోకి కాలెత్తినది.

"హాచ్!"

ఒకే ఒక తుమ్ము.

మిరపకాయల మీద చేతులన్నీ ఆగినవి. మహతి ఎత్తిన కాలు వెనుకకు వేసినది.

"ఆగు తల్లీ, ఆగు" అన్నది వెంకటేశ్వరమ్మ. "కూర్చో. ఎవరన్నా కాసిన్ని మంచినీళ్లు తెండి."

"బస్సు ఉండదు పెద్దమ్మా. ఇదొక్కటే." పొద్దుటినుండి వణకని ఆ గొంతు ఇప్పుడు వణికినది.

కోటిరత్నం ముఠా వైపు చూచినది. ఖాదర్‌బీ మూతికట్టు విప్పకుండానే నేను కాదన్నట్లు చేయి ఊపి, ఆ చేతినే మెల్లగా స్తంభం వైపు చూపినది. స్తంభానికి చేరగిలబడి దుర్గాంబ గారు తన ఒడిలోని చేతులను చూచుకొంటున్నారు.

"బామ్మగారూ" అన్నది కోటిరత్నం నెమ్మదిగా. "పుట్టిన కాడ్నించి తుమ్మి ఎరగనన్నారు గదండీ, ఇందాకే. నాగపూరాయన తుమ్మితే దేశం ఆగిందన్నారు. మరి ఈ తుమ్ము ఎవరిదండీ? పాతికేళ్లనుంచి మిరపకాయల్లో ఉన్నదాన్ని. ముక్కుతో తుమ్మినట్టు లేదు, నోటితో తుమ్మినట్టుంది."

దుర్గాంబ గారు నోరు తెరిచారు. ఇంజనీరుకు, రాకెట్టుకు, మబ్బుకు దొరికిన మాట ఇప్పుడు దొరకలేదు. అనుకొని చేసిన పని కాదది. ఆ పిల్ల కాలెత్తేసరికి, తాను ఏమి చేస్తున్నదో తనకు తెలిసేలోపలే నోటినుండి వచ్చినది. కాని వచ్చినది తన నోటినుండే.

మహతి చివరి మెట్టు మీదనే నిలబడి పైకి చూస్తున్నది. దుర్గాంబ గారు ఆ మెట్టును చూచారు, దాని మీది మనిషిని చూచారు. తండ్రిగారైతే గొంతు పెంచి ఉండేవారు. తాను తుమ్మినది.

వీధిలో హారన్ మోగినది.

"ఒంటితుమ్ము అయితేనే గదా ఆగవలసినది" అంటూ దుర్గాంబ గారు మోకాళ్ల మీదికి లేచారు. ఎదుట ఉన్న గోతంలోకి రెండు చేతులూ దూర్చి, అడుగున ఉన్న పొడినీ గింజలనూ దోసిలితో ఎత్తి, ముఖానికి ఆనించుకొని గట్టిగా పీల్చారు.

"అయ్యో! బామ్మగారూ, కళ్లు!"

కోటిరత్నం ఒక్క దూకున వీధిలో పడి, బస్సుకు అడ్డంగా గోనెసంచి ఊపినది. "ఒరేయ్ యలమందా! ఆపరా బండి! రెండో తుమ్ము రానీరా!"

"ఏందక్కా, ఏం రావాలి?" అని డ్రైవరు తల బయటపెట్టాడు.

దుర్గాంబ గారి ముఖం కందినది. కళ్లనుండి ధారలు కట్టినవి. ముక్కు ఎగబీల్చారు, ఆగారు, మరల ఎగబీల్చారు. తొడిమలు తీసేవారందరూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. అప్పుడు వచ్చినది, అరుగు దూలం దద్దరిల్లేటట్లు, జుట్టుముడి ఊడిపోయేటట్లు, ఆమె జీవితంలో మొట్టమొదటి నిజమైన తుమ్ము.

"రెండు!" అని అరిచారు ఆమె, మూడవది రాకుండా కొంగుతో ముక్కు అదిమి పట్టుకొని. "రెండు! శుభం! పో!"

మహతి పోలేదు. మెట్లన్నీ ఒక్క పరుగున ఎక్కివచ్చి బామ్మ కళ్లు తన కొంగుతో తుడిచినది. "బామ్మా, నేను అక్కడ ఎట్లా చదవాలి? ఒక్క మాట చెప్పు." దుర్గాంబ గారు ఆ తడికళ్లతోనే చెప్పారు. చెప్పినది చిన్న మాటే.

బస్సు దుమ్ము రేపుకొంటూ మలుపు దాటినది. కోటిరత్నం గోనెసంచి దులుపుకొంటూ వచ్చి తన చోట కూర్చున్నది.

"దేశం ఆగిందో లేదో గానీ బామ్మగారూ, యలమంద బస్సు మాత్రం ఆగిందండీ. అది నా కళ్లారా చూశా."

ఆనాడు దుర్గాంబ గారు మనుమరాలికి ఇచ్చినవి ఇవి. గొంతు తడుపుకొనడానికి తాను రోజూ వెంట తీసికొనిపోయే వేడినీళ్ల మరచెంబు. 'కల్లం కబుర్లు' అనే పేరు. ఎదుట నాలుగు వందల కేంద్రాలున్నవని తలచుకోక, చివరి మెట్టు మీద నిలిచిన ఒక్క మనిషిని తలచుకొని చదవమన్న తండ్రిగారి మాట. అంతకు మించి ఇవ్వడానికి ఆమె వద్ద ఏమీ లేదు.

ఆ రెండవ తుమ్ము ఏ కేంద్రానికీ అందలేదు. చివరి మెట్టు దాకా మాత్రం వినబడినది.