ఆవు వెనక కాళ్ళు

ఆదివారం మధ్యాహ్నం ఊరి హాల్లో టీ వేళయింది గానీ, క్రిస్మస్ నాటకం ఆడించే ఈనిడ్‌కి ఇంకా ముసలమ్మ దొరకలేదు. ఆ ఆటలో ముసలమ్మంటే గౌను తొడుక్కున్న మగాడు. జనం వచ్చేదే ఆ వేషం కోసం. ఇన్నేళ్ళూ వేసినాయన మోకాళ్ళు పట్టేసి కూతురి ఊరు వెళ్ళిపోయాడు. ఇవాళ ఎవరో ఒకరు తేలకపోతే ఈ ఏడు ఆట లేనట్టే.

ఆమెను తొలిచేస్తున్న సంగతి ఇంకొకటుంది. నిరుడు ఆట మధ్యలో, ఇద్దరు లోపల దూరి ఆడించే గుడ్డ ఆవు నడుము దగ్గర ఊడి రెండు ముక్కలైంది. ఒంటరిగా మిగిలిన వెనక సగం బెదరలేదు సరికదా, కాళ్ళు మెలేసుకుని సిగ్గుపడి, లేని కళ్ళను తోకతో ఒత్తుకుంది. హాలంతా పొట్ట పట్టుకుని నవ్వింది. ఆఖరి నిమిషంలో వెనక సగంలో దూరిందెవరో ఎవరూ చూడలేదు. ఆ కాళ్ళెవరివో తెలిస్తే ముసలమ్మ దొరికినట్టే.

"ఇంకెవరివండీ, నావే!" అన్నాడు క్లిఫర్డ్, కేకు నములుతూ. ఏటా ఆవు ముందు సగం అతనిదే, కన్నేమో ముసలమ్మ గౌను మీద.

"నువ్వు ముందు సగం కదా?" అంది ఈనిడ్.

"అదేనండీ విశేషం! వెనక సగం వేసేవాడికి ఆ పూట జ్వరం. సరే, రెండూ నేనే లాగిస్తానన్నాను. చేతులకి బూట్లు తొడిగి ముందు కాళ్ళు, కాళ్ళతో వెనక కాళ్ళు, తోకకి తాడు కట్టి పళ్ళతో లాగడం! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ముందు వరసలో పశువుల డాక్టరు లేచి నిలబడి, ఈ ఆవు చూలుతో ఉంది, దీన్ని గంతులేయించకండి అన్నాడు!"

"నిజంగానా?" అన్నాడు కసాయి పెర్సీ, మీసంలో నవ్వుతూ.

"ఒట్టు! నా అరుపు విని కొండ మీద ఆంబోతు కంచె దూకి వచ్చేసింది. హాలు తలుపు ముందు నిలబడి ఒకటే రంకె! ఇక నేను పాలు కూడా ఇచ్చాను. ఇంటర్వెల్లో మీరు తాగిన టీ ఏ పాలతో పెట్టారనుకున్నారు?"

"మరి ముందు సగం వేదిక మీంచి కింద బ్యాండువాళ్ళ పెద్ద డ్రమ్ములో పడిందిగా? డ్రమ్ములోంచి రెండు కాళ్ళు పైకి లేచాయి. అవెవరివోయ్?" అన్నాడు పెర్సీ.

"అవీ నావే!"

సరిగ్గా అప్పుడే అతని భార్య నెస్టా వంటగదిలోంచి టీ కూజా పట్టుకుని వచ్చి వెనకే నిలబడింది. పెర్సీ చూశాడు. చూసి ఊరుకుంటాడా? ఆటలో దయ్యం వచ్చినప్పుడు జనం అరిచినట్టే అరిచాడు.

"నీ వెనకే!"

"నీ వెనకే!" అని హాలంతా అందుకుంది.

క్లిఫర్డ్ పొంగిపోయాడు. వేషం ఖాయమైందనుకున్నాడు పాపం. ఆట ఆనవాయితీ ప్రకారం చెవికి చెయ్యి అడ్డం పెట్టి, "ఏరీ? ఎక్కడా?" అని ఎడమకి తిరిగాడు. నెస్టా కూజా బల్ల మీద పెట్టి కుడికి జరిగింది. అతను కుడికి తిరిగితే ఆమె ఎడమకి. అరుపులకి కిటికీలు అదిరాయి. చివరికి నెస్టా కాళ్ళు మెలేసుకుని, సిగ్గుపడి, ఏప్రన్ కొంగుతో కళ్ళొత్తుకుంది.

ఈనిడ్ చేతిలో కప్పు ఆగిపోయింది. ఏడాదిగా వెతుకుతున్న కాళ్ళవి! సంతోషం పట్టలేక లేచి నిలబడింది.

"క్లిఫర్డ్, నీ వెనక కాళ్ళు నిజంగానే నీ వెనక ఉన్నాయయ్యా."

అప్పుడు తిరిగి చూశాడతను.

"నువ్వు డ్రమ్ములో పడితే ఆవు పరువు ఎవరో ఒకరు కాపాడాలిగా. ఆ వెంటనే టీ పెట్టడానికి పరిగెత్తాను," అంది నెస్టా.

"ముసలమ్మది మగాడి వేషం కదండీ!" అన్నాడు క్లిఫర్డ్.

"కుర్రాడి వేషం ఏటా ఆడపిల్లే వేస్తోంది, ఎవరికైనా నొప్పొచ్చిందా? గౌను నెస్టాకే. నువ్వు ఆవులోనే ఉండు," అంది ఈనిడ్.

క్లిఫర్డ్ మిగిలిన కేకు నోట్లో కుక్కుకున్నాడు. అంతలోనే తల ఎగరేశాడు. "ఆవంటే ఏమనుకున్నారు? అసలు ఆటంతా నడిచేదే..."

నెస్టా అతని కప్పులో టీ పోసింది.

"తాగు. ఆవుకి మాటలుండవు."