వంటింటి కిటికీకి ఎదురుగా

డెన్మార్క్‌లోని ఆర్హుస్ ఊళ్లో, పశువుల ఆసుపత్రిలో, గోక్కుని గోక్కుని పొట్ట ఎర్రబడ్డ కుక్కను బల్లమీదికి ఎక్కించి, ఏ పాపమూ ఎరగని మొహంతో నిలబడ్డాడాయన. పందిమాంసం పడదేమోనన్న అనుమానంతో డాక్టరమ్మ కిందటిసారే దానికి పథ్యం పెట్టింది.

"చేప తప్ప ఇంకేమీ పెట్టొద్దన్నాను కదండీ?"

"పెడితే ఒట్టు! మా ఆవిడ చేతిలోంచి బిస్కెట్ డబ్బా లాక్కున్నాను. పక్కింటి కిర్‌స్టెన్ గారి మీద అనుమానమొచ్చి, సరిగ్గా ఆవిడ వంటింటి కిటికీకి ఎదురుగా ‘మా కుక్కకు తిండి పెట్టకండి’ అని బోర్డు కట్టాను. అప్పట్నుంచీ ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది."

"దురద మాత్ర మింగుతోందా?"

"నా చేత్తో పెడితే మింగకపోవడమా! రొట్టెకి రాసుకునే లివర్ పేస్టులో ఉండచుట్టి పెడతాను. రోజూ గుటుక్కున మింగేస్తుంది."

"ఆ పేస్టు దేంతో చేస్తారండీ?"

"దేంతో ఏమిటి డాక్టర్ గారూ, పంది..."

కుక్క ఆశగా ఆయన వేళ్లు నాకింది.

"రేపట్నుంచి మాత్ర చేపముక్కలో పెట్టండి."

"అలాగేనండీ. కానీ ఆ బోర్డు విప్పుతుంటే కిర్‌స్టెన్ గారు చూస్తారేమో!"

"చూడాలనే కదండీ అక్కడ కట్టారు!"