పసుపు జెండా

ప్రేమ్ బజార్ దగ్గరి మ్యూజియంలో, ఓడ జెండాల అద్దాల పెట్టె ముందు ఒక ముసలావిడ, రేపు ఓడలో ఉద్యోగానికి వెళ్తున్న ఆమె మనవరాలు నిలబడ్డారు.

“ఆ నీలం జెండా ఏటే?”

“ఓడ కదలబోతోంది, అందరూ ఎక్కండి అని, అమ్మమ్మా.”

“మీ తాత పచ్చ జెండా లాంటిదన్నమాట. రైలు గార్డు డబ్బాలోంచి డ్రైవరుకి ఊపినాక, నాకోసం ఇంకోసారి ఊపేవోడు. వెళ్ళిపోడం సూడలేక నేను కళ్ళు మూసేసుకునేదాన్ని.”

“అయితే రేపు టేసన్‌కి రావా?”

“రాను. ఆ పసుపుది ఏటి?”

“రేవు చేరినాక ఎగరేస్తారు. అందరం కులాసాగా ఉన్నాం, లోపలికి రానివ్వండి అని.”

“తాత కొన్న పసుపు సీర ఉంది. ఓ ముక్క సింపి ఇస్తాను, పట్టుకెళ్ళు.”

“సీరని జెండా సేస్తావేటి!”

“తిరిగొచ్చినప్పుడు మన సందు మొదట్లోనే ఊపు. అప్పుడు కళ్ళు మూసుకోనులే.”