తొమ్మిది గంటల దూరం

విమాన టికెట్ల ఆఫీసులో అక్క ఉద్యోగానికి చేరి నెల అయింది. విదేశం నుంచి నాలుగేళ్ల తర్వాత చుట్టపుచూపుగా వచ్చిన తమ్ముడు కౌంటర్ ముందు నిలబడ్డాడు.

“అక్కా, నా టికెట్ రేపటికి మార్చు. ఆఫీసులో అర్జెంటు పని పడింది.”

“అర్జెంటైతే ఎలా చేరతావురా? ప్రయాణానికే రెండు రోజులనేవాడివిగా.”

“రాత్రి ఎక్కితే మర్నాడు పొద్దున దిగుతాను. రెండు రోజులేగా.”

“ఆ లెక్కన నువ్వు రోజూ రెండు రోజులు నిద్రపోతున్నావు. ఇటు చూడు. ఆరువేల నాలుగు వందల కిలోమీటర్లు, తొమ్మిది గంటలు. మధ్యలో ఎక్కడా దిగి మారక్కర్లేదు.”

“టైము తేడా ఉంటుందక్కా. నీకు తెలీదు.”

“నువ్వు గడియారం ముల్లు తిప్పుకుంటే విమానం గాల్లో ఆగిపోతుందా? ఈ కుర్చీలో కూర్చున్న మొదటిరోజే కంప్యూటర్లో మీ ఊరి పేరు కొట్టి చూశాను.”

“ఇప్పుడవన్నీ ఎందుకు?”

“పోయేముందు మీ బావ నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. తలుపు చప్పుడైతే చాలు, నువ్వేనేమో అని చూసేవారు. ‘రెండు రోజుల ప్రయాణమండీ, వాడు మాత్రం ఏం చేస్తాడు’ అని నేనే సర్దిచెప్పాను. ఆ నాలుగు రోజుల్లో నువ్వు ఐదుసార్లు వచ్చి వెళ్లొచ్చురా.”

“సెలవు దొరకలేదక్కా.”

“ఆ ముక్క అప్పుడే చెప్పాల్సింది. పాపం, నెపమంతా దూరం మీదకి నెట్టావు.”

“టికెట్ సంగతి చూడు.”

“మార్చేశాను. రేపు పొద్దున తొమ్మిదింటికి. కిటికీ పక్క సీటు.”

“నాకు ఏ సీటైనా ఒకటే.”

“కాదులే. పట్టపగలు వెళ్తున్నావు, ఎంత దూరమో కళ్లారా చూసుకుంటూ పో.”