ఓబన్న సంతకానికి ధర

దస్తగిరి అని ఉండె మా గుండ్లపల్లిలో, ఎమ్మెల్యే ఓబన్నకు జీపు తోలినోడు. ఓబన్న పోయి శానా ఏండ్లయినా వీడింకా ఆ జీపు దిగలేదనుకో. యాడ కూర్చున్నా అదే మాట, మా ఓబన్న అట్లా, మా ఓబన్న ఇట్లా అని. ఊర్లోవాళ్ళు ఊరికే ఉంటారా? ఏమప్పా దస్తగిరీ, మీ ఓబన్న ఏం సంపాదించినాడు, బంగళా లేదు, బొమ్మ లేదు, మంత్రి నంజుండప్పకైతే సర్కిల్లో బొమ్మ పెట్టిరి గదా అని గెలికేవాళ్ళు. వానికి కడుపు మండేది. వర్ధంతి వస్తే ఓబన్న ఫోటోకు వీడే దండ తెచ్చి, వీడే వేసి, వీడే ఏడ్చుకునేవాడంట. మా ఓబన్న నంజుండప్ప కన్నా పెద్దోడు అని ఎవురన్నా ఒక్క మాట అంటే సాలు, వానికింకేమీ అక్కర్లేదు. ఆ మాట అనేవాడే దొరకల్యా, పాపం.

ఒక దినం ఏమైందంటే, బెంగుళూరు నుంచి ఒకాయప్ప కారేసుకుని వచ్చి టీ అంగడికాడ దిగినాడు. ఏం కావాలప్పా అంటే, చచ్చిపోయిన రాజకీయ నాయకుల సంతకాలు కొంటా అన్నాడంట. నవ్వొద్దండప్పా, నిజంగానే కొంటారంట! పాత నాణేలు కొనేవాళ్ళు లేరా, దానికీ అట్లా ఒక బేరముందంట. అది విని మన సిద్దమ్మ ఇంటికి పరిగెత్తి నంజుండప్ప సంతకముండే కాగితం తెచ్చింది. అదేం కాగితమనుకుంటిరి? ఆయమ్మ మొగుడు భూమి కోసం అర్జీ పెట్టుకుంటే, కుదరదు అని రాసి గీకిన కాగితం! నంజుండప్ప బతికినన్నాళ్ళూ చూద్దాం చూద్దాం అని పంపేసేవాడే గానీ ఎప్పుడో ఒకసారి తప్ప కాగితం మీద చెయ్యి పెట్టేవాడు కాదు. అందుకే ఆయప్ప సంతకం యాడా దొరకదంట, దొరకదు కాబట్టి దానికి ధరంట. ఎనిమిది వేలు చేతిలో పెట్టినాడు. ఇంతకాలానికి ఆ పాడు కాగితం అన్నం పెట్టింది చూడు అని సిద్దమ్మ డబ్బులు కొంగున ముడేసుకునింది.

దస్తగిరి అక్కడే ఉన్నాడు గదా, జేబులోంచి ఒక చీటీ తీసినాడు. జీపుకు డీజిలు పోయమని ఓబన్న రాసిచ్చింది, కింద సంతకం. బెంగుళూరాయప్ప భూతద్దం పెట్టి చూసి, ఐదు వేలిస్తా అన్నాడంట. ఐదా? ఆ మహానుభావునికి ఎనిమిదీ, మా ఓబన్నకు ఐదా? అది కాదన్నా, ఇది మనిషికి కట్టే ధర కాదు, సంతకానికి కట్టేది అని ఆయప్ప చెప్తాండాడు. వీడు వింటేనా! ఉండు సామీ, మా ఓబన్న ఎంతటోడో నీకు చూపిస్తా, యాడికీ పోవద్దు అని టీ అంగట్లో గంప ఒకటి అడుక్కుని నెత్తిన పెట్టుకుని ఇల్లిల్లూ తిరగబట్టినాడు. ఓబన్నకు ఒక అలవాటుండేది లెండి. ఏ అర్జీ పట్టుకుపోయినా రెండు సంతకాలు పెట్టేవాడు, ఒకటి ఆఫీసుకు, ఒకటి ఇంటికి. ఆఫీసోళ్ళు పోగొడతారు, ఇంకోటి నీకాడ పెట్టుకోమ్మా అనేవాడు. కాగితం లేకుంటే క్యాలెండరు ఎనక, పెండ్లి పత్రిక ఎనక, యాడ తెల్లగుంటే ఆడ పెట్టేవాడు. దస్తగిరి అడిగితే కాదనలేక, మళ్ళా ఇచ్చేయల్లప్పా అంటానే అందరూ ఇచ్చినారు. గంప నిండింది. జనం కూడా వాని ఎనకాలే వచ్చినారు.

దస్తగిరి రొమ్ము ఇరుచుకుని గంప దించినాడు. చూసుకో సామీ, ఇప్పుడు చెప్పు ధర! ఆయప్ప నాలుగు తీసి చూసినాడు, ఇంకో నాలుగు తీసినాడు, ముఖం చిన్నబోయింది. ఎంత పని చేస్తివన్నా, ఇన్ని ఉంటే ఎవురు కొంటారు? కాగితం పది రూపాయిలు కూడా పలకదు, నీ ఒక్కటే ఉండింటే ఐదు వేలు ఇచ్చిందును గదా అన్నాడంట. దస్తగిరి అట్లే గంప పక్కన కూలబడిపోయినాడు. నా చేతులారా నేనే మా ఓబన్నను పది రూపాయిలకు దించితి గదరా అని చిన్నపిల్లోని మాదిరి ఏడ్చినాడంట. గెలికేవాళ్ళు కూడా తల దించుకున్నారు.

ఆయప్పకూ జాలేసింది. పోనీలే, పది లెక్కన గంపంతా తీసుకుంటా అన్నాడు. అంతే, హనుమక్క ముందుకు దూకింది. ఏందీ, పదికా? మా బిడ్డకు హాస్టల్లో సీటు ఇప్పించిన కాగితమప్పా అది, ఇట్లా తే! అని లాక్కునింది. ఇంకొకాయన, నాది బోరు మోటరు కాగితం. ఇంకొకామె, నాది పింఛను కాగితం. ఎవురిది వాళ్ళు ఏరుకుంటాంటే ఆయప్ప, ఇరవై, యాభై, నూరు అని అరుస్తానే ఉన్నాడు. ఎవురూ తిరిగి చూడల్యా. గంప ఖాళీ. బేరగాళ్ళ సంగతి తెలుసు గదా, ఇవ్వనంటే ఆశ ఎక్కువైతాది. ఊరినిండా ఉండి ఒక్కటీ అమ్మకానికి రాదంటే ఇదేందో గట్టి సరుకే అనుకున్నాడో ఏమో, దస్తగిరి మీద పడినాడు. అన్నా, నీ చీటీ ఒక్కటియ్యి, ఐదు వేలు. వీడు పలకలా. ఎనిమిది. పలకలా. సరే, పది వేలు! దస్తగిరి కండ్లు తుడుచుకుని లేచినాడు. పది అంటే ఎనిమిది కన్నా ఎక్కువే గదా సామీ? ఎక్కువేనన్నా. అయితే ఇంకోసారి చెప్పు, గట్టిగా చెప్పు, అందరికీ ఇనపడల్ల. ఆయప్ప గొంతెత్తి, పది వేలూ! అని అరిచినాడు. సాలు సామీ, కడుపు నిండింది అని దస్తగిరి చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడంట.

పది వేలు వదులుకొచ్చినాడని ఇంట్లో పెండ్లాం బాగా తిట్టిందంట. తిట్టనీ. ఓబన్న కాగితం నాకాడా ఒకటి ఉండాది, మా నాయనది. మీలో ఎవురన్నా కొనేవాళ్ళుంటే అడగండప్పా. ఇచ్చేది లేదు గానీ, ధర ఇనాలని నాకూ ఉండాది.