అడిగితే ఇచ్చేది

ముప్పై ఏళ్ళు లిఫ్టులు బాగుచేసి ఊరందరినీ పైకెక్కించిన పెద్దాయన ఇప్పుడు మంచం దిగి బాత్రూమ్ దాకా కూడా పోలేడు. పక్కన కుర్చీలో పాస్టరైన తమ్ముడు, తలుపవతల వంటగదిలో వాళ్ళిద్దరి చెల్లెలు. ఇల్లు ఆవిడదే; భర్త పదకొండేళ్ళ కిందట లిఫ్టు కింద నలిగి పోయాడు.

"గొంతు తగ్గించు అన్నయ్యా. చెల్లి వింటుంది."

"ఉన్నదే ఇంత గొంతు. ఇంకా తగ్గిస్తే ఏం మిగులుతుంది?"

"అంటే... ఆ రోజు బావ తాళం వేశాడా?"

"వేశాడు. ఎప్పుడు వెయ్యలేదు గనక? లిఫ్టు కింద గుంతలోకి దిగేవాడు మెయిన్ స్విచ్చికి సొంత తాళం వేసుకుని, తాళంచెవి జేబులో పెట్టుకుని దిగాలి. వాడి తాళం వాడే తియ్యాలి. ఇంకొకడు ముట్టుకోకూడదు. బావకి ఇది నేర్పిందే నేను."

"మరి?"

"కట్టరుతో కోసేశా."

"దేవా! ఎందుకు?"

"భోజనానికి పోయాడనుకున్నా. తాళం తియ్యడం మర్చిపోయి పోవడం బావకి మామూలే. ఆ బిల్డింగు ఓనరేమో నెత్తినెక్కి కూర్చున్నాడు, పై అంతస్తులవాళ్ళు తిడుతున్నారని. గుంతలోకి ఒక్క కేకేసి చూడాల్సింది. వెయ్యలా. తాళం కోశా, స్విచ్చి వేశా."

"విచారణలో మాత్రం బావ తాళమే వెయ్యలేదన్నావు."

"అన్నా. కోసింది కాలవలో పారేశా."

"నీ మాట నమ్మి నేను సమాధి దగ్గర అజాగ్రత్త మీద ప్రసంగం చేశాను! చెల్లి ఎదురుగా!"

"బాగా చేశావు. అందరూ ఏడ్చారు. సరే, అసలు సంగతికి రా. డాక్టరు రెండు వారాలన్నాడు. నాకు దారుందా, లేదా?"

"ఉంది. రక్షణ ఉచితం అన్నయ్యా. క్రియల వల్ల వచ్చేది కాదు. నువ్వు చెయ్యాల్సిందేమీ లేదు."

"ఏమీ లేదా?"

"ఏమీ లేదు. పశ్చాత్తాపపడి విశ్వసిస్తే చాలు."

"అదిగో! ఏమీ లేదంటూనే రెండు పనులు చెప్పావు."

"అవి పనులు కావు. నీ భాషలోనే చెప్తా. మెట్లెక్కడం పని. లిఫ్టులో నిలబడటం పనా?"

"లోపలికి అడుగెయ్యాలిగా?"

"అది..."

"బటన్ నొక్కాలిగా? ఎవరికి చెప్తున్నావురా లిఫ్టు సంగతి! అడుగే పడనివాణ్ణి ఏ లిఫ్టు ఎక్కించుకుంటుంది?"

"అసలు నీకు బాధ లేదా? బావ పోయాడన్నయ్యా."

"భయముంది. బాధ రావట్లేదు. కళ్ళు మూసుకుంటే బావ మొహం రాదు, ఆ ఓనరు మొహం వస్తుంది. పైగా బావ మీదే కోపం. నా గొంతు విని లోపల్నుంచి తనైనా ఒక్క కేక వెయ్యొచ్చుగా అని. చచ్చినవాడి మీద కోపం! దీన్ని పశ్చాత్తాపం అంటారా మీ సంఘంలో?"

"...అనరు."

"భయానికి పుట్టేది పశ్చాత్తాపం కాదని ప్రతి ఆదివారం నువ్వేగా చెప్పేది?"

"అన్నయ్యా, అది మనం తెచ్చిపెట్టుకునేది కాదు. పశ్చాత్తాపం, అదే మారుమనస్సు, దేవుడిచ్చేదే. విశ్వాసమూ ఆయనిచ్చేదే. అందుకే వాటిని క్రియలనం. ఖాళీ చెయ్యి చాపు, అంతే."

"చాపే ఉంచా, పదకొండేళ్ళుగా. ఇవ్వలేదు."

"అడిగావా?"

"రోజూ. మోకాళ్ళు వంగినన్నాళ్ళు మోకాళ్ళ మీద, ఇప్పుడు పడుకుని. రాయితో చెప్పుకున్నట్టే ఉంది. నేను తెచ్చుకోవాల్సిందైతే నాకు చేతకాలేదు. ఆయనిచ్చేదైతే నాకు ఇవ్వలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇక నేనెక్కడికి పోవాలిరా?"

"పోనీ, చెల్లితో చెప్పేస్తే..."

"చెప్తే రక్షణా? అయితే అది క్రియే. ఉచితం కాదు."

"క్రియ కాదు, ఫలం. చెట్టు మంచిదైతే..."

"చెట్టే మొలవలేదని నేను మొత్తుకుంటుంటే కాయలంటావేం! ఇంకో మాట చెప్పు. నీ దగ్గర ఇంకో మాట ఉండాలి. చదువుకున్నావు కదరా!"

"లేదన్నయ్యా. నిజంగా ఇంకేమీ లేదు."

"మందు టైమైంది. పెద్దన్నయ్యా, నోరు తెరువు."

"చెల్లీ! నువ్వు... ఎంతసేపయింది వచ్చి?"

"తలుపు దగ్గరే ఉన్నా, చిన్నన్నయ్యా. నేను కొత్తగా విన్నదేముంది? మీ బావని ఇంటికి తెచ్చినప్పుడు చొక్కా జేబులో తాళంచెవి ఉంది. వాడనప్పుడు తాళమూ చెవీ కలిసే పనిముట్ల పెట్టెలో ఉండేవి. తాళమే వెయ్యనివాడి జేబులో చెవెందుకుంటుంది?"

"తెలిసే... అన్నీ తెలిసే నాకు ఇన్నేళ్ళు అన్నం పెట్టావా తల్లీ?"

"పెట్టా. నీళ్ళు కాచా, దుప్పట్లు ఉతికా. ముందు ఆ మాత్ర మింగు, గొంతుకి అడ్డం పడుతుంది."

"చూశావా అన్నయ్యా! నువ్వడగలేదు, నువ్వేమీ చెయ్యలేదు, అయినా క్షమించింది! ఇందాకట్నుంచి నాకు చెప్పడం చేతకాంది ఇదే. కృపంటే ఇదే!"

"క్షమించానని నేనెప్పుడన్నాను, చిన్నన్నయ్యా?"

"మరి ఈ చాకిరీ అంతా?"

"తోడబుట్టినవాడు, చేశాను. నువ్వు ఆ రోజు సమాధి దగ్గర చెప్పిన మాట మాత్రం నేను మర్చిపోలేదు. మారుమనస్సు దేవుడిచ్చేదేనన్నావు, ప్రార్థిస్తే వింటాడన్నావు. అప్పట్నుంచి నేను ఒక్క పూట తప్పకుండా మోకరించి ఒకటే అడుగుతున్నా, పెద్దన్నయ్యకి మాత్రం అది ఇవ్వొద్దని."